పురుగుల మందు

మధ్యాహ్నం రద్దీ తగ్గాక అతను షాపులో దగ్గు మందు సీసాలు అరలో సర్దుతుండగా అత్తగారు ఫోన్ చేసింది.

"బాబూ, షెడ్డులో పురుగుల మందు సీసా ఉండాలి. కనబడటం లేదు. మీరేమన్నా తీశారా?"

"తీశానండీ. పొద్దున్నే కలిపి పెట్టేశాను," అన్నాడు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. భార్య ఊరెళ్తూ చెప్పిన పనిని మర్చిపోకుండా చేసినవాడి గర్వం.

"అయ్యో, మీకెందుకు బాబూ ఆ శ్రమ! నేను కొట్టుకునేదాన్ని కదా. మరి పిచికారీ డబ్బా ఖాళీగా ఉందే?"

"పిచికారీ ఏంటి? కోళ్ళ నీళ్ళ తొట్టిలో కలిపాను."

అటువైపు వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"కోళ్ళ మందు ఫ్రిజ్ మీద ఉంది కదా బాబూ," అంది అత్తగారు నెమ్మదిగా. "షెడ్డులోది క్యాబేజీకి కొట్టేది."

అతని చేతిలో ఇంకా ఒక సీసా ఉంది. దాన్ని అరలో పెట్టాడు. పెట్టాక, పేరు బయటికి కనబడేలా తిప్పాడు. చేతులు వాటికి అలవాటైన పని అవి చేసుకుపోయాయి.

వీధిలో అందరూ అతన్ని మందులాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని తాగుబోతు కాబోలనుకుంటారు. షాపు ఓనరుకు ఆ జోకు ఎన్నిసార్లు వేసినా తనివి తీరదు. "మావాడికి మందు లేకపోతే పొద్దు గడవదండీ," అంటాడు కొత్త గిరాకీతో. నిజానికి అతను చుక్క ముట్టడు. అతనికున్న వ్యసనమల్లా అడగడం. జ్వరం మాత్ర అడిగినా సరే, ఎవరికి, వయసెంత, ఇంకేమైనా వాడుతున్నారా అని ఆరా తీసి, డబ్బా మీది పేరు పైకి చదివితే గానీ చేతికివ్వడు. "దగ్గు మందుకొచ్చాడయ్యా, దొంగతనం చేసి రాలేదు," అని ఓనరు విసుక్కుంటాడు. అయినా మానడు. మందు అనే మాట మీద అతనికి మొదటినుంచీ నమ్మకం లేదు. అది ఎవరి నోట్లో ఉంటే వాళ్ళ వస్తువైపోతుంది.

అలాంటి మనిషి ఈ పొద్దున సీసా మీద ఏముందో చూడలేదు.

నిన్న సాయంత్రం భార్య బ్యాంకు శిక్షణ కోసం వేరే ఊరు బయల్దేరుతూ, ఒక కాలు బండిలో పెట్టి చెప్పింది: "పొద్దున్నే పురుగుల మందు నీళ్ళలో కలిపి పెట్టండి. సీసా అక్కడే ఉంది. రెండు మూతలు చాలు." అక్కడే అన్నప్పుడు ఆమె చెయ్యి ఇంటి వెనకవైపు ఊగింది. కోళ్ళ రెట్టలో తెల్లటి దారాల్లాంటివి కనబడుతున్నాయని వారం నుంచీ అంటూనే ఉంది. మందు కోళ్ళకని అతనికి సరిగ్గానే అర్థమైంది. వెనకవైపు అంటే షెడ్డే అనుకున్నాడు. వంటిల్లు కూడా వెనకవైపే.

ఆకు తినే పురుగును చంపేదీ పురుగుల మందే. కోడి కడుపులో పురుగు పడిపోవడానికి తాగించేదీ పురుగుల మందే. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాటతో రెండు సీసాలను పిలుస్తూ వచ్చారు. కూతురివి కోళ్ళు, తల్లిది క్యాబేజీ. కోళ్ళు పురుగుతో పాటు ఆకును కూడా లాగించేస్తాయని అత్తగారు పెరడు మధ్యలో వల కట్టించింది. వలకు ఇటువైపు ఒక పురుగుల మందు, అటువైపు ఇంకొకటి. వాళ్ళకు ఎన్నడూ తికమక కలగలేదు. వల దాటి వచ్చినవాడు అతనొక్కడే.

"ఇంటికెళ్ళాలి," అన్నాడు ఓనరుతో.

"ఏమైంది? మొహం అలా పాలిపోయింది?"

"కోళ్ళకి వేరే మందు పడింది."

"ఓస్, కోళ్ళకేనా! సాయంత్రం కూరొండుకోండి," అని ఓనరు నవ్వబోయి, అతని ముఖం చూసి నవ్వు మింగేశాడు. "వెళ్ళు, వెళ్ళు."

స్కూటరు మీద వెళ్తుంటే అతనికి పత్రికల్లో రోజూ కనబడే వాక్యం గుర్తొచ్చింది. పురుగుల మందు అనే రెండు మాటల తర్వాత ఆ కాగితాల్లో ఎప్పుడూ ఒకే క్రియ వస్తుంది. వద్దనుకున్నా నాలుక ఆ క్రియను పూర్తి చేస్తూనే ఉంది. కోళ్ళే కదా, అని సర్దిచెప్పుకున్నాడు. పోతే కోళ్ళు పోతాయి. బడి నుంచి వచ్చి పాప ఏడుస్తుంది. పాపకు ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. అంతవరకే.

పెరటి తలుపు తీసేసరికి గొణుగుడు చిక్కుడు పందిరి కింద పడి ఉంది. కోళ్ళకు ఆ పేర్లన్నీ పాప పెట్టినవే. ఎప్పుడూ తనలో తనే మాట్లాడుకుంటుంది కాబట్టి ఇది గొణుగుడు. మిగతావి కొట్టుకుంటే మధ్యలో దూరేది పోలీసు. పోలీసు గోడ పక్కన మెడ ఒకవైపు వంచి, ఎవరో పిలిస్తే విని ఎటునుంచో తెలియనట్టు నిలబడి ఉంది. గొణుగుడు ఒక రెక్క నేల మీద పరుచుకుని ఉంది. ముక్కు చివర జిగురుగా ఏదో వేలాడుతోంది. అది గొణగడం లేదు. మిగిలిన రెండు కోళ్ళు మాత్రం వలలో ఎక్కడో సందు చూసుకుని క్యాబేజీ మడిలో దూరి, ఆకుపచ్చ పురుగులను ఏరుకు తింటున్నాయి. ఇంకో రోజైతే అత్తగారు చీపురు తిరగేసేది. ఇవాళ వాటివైపు చూడలేదు.

అతను తొట్టిని కాలితో పడదోసి, నీళ్ళు ఇంకిన చోట మట్టి కప్పాడు. షెడ్డు గట్టు మీద సీసా తను పెట్టినచోటే ఉంది. కాకపోతే పిచికారీ గొట్టం వెనక. మీద ఎండిన బురద. బొటనవేలితో రుద్దాడు. బురద కింద పుర్రె బొమ్మ, దాని కింద రెండు ఎముకలు బయటపడ్డాయి. ఒక్కసారి రుద్దితే చాలు, అంత సులువుగా.

"అంతా తాగాయా?" అంది పెరటి గుమ్మంలోంచి అత్తగారు. ఆమె చేతిలో అంట్ల గుడ్డ మెలి తిరుగుతోంది.

"కొంచెమే తాగినట్టున్నాయి. పడదోసినప్పుడు తొట్టి నిండుగానే ఉంది."

అప్పుడు చూశాడు కప్పును. తొట్టి పక్కన, ఇటుక మీద, పసుపు రంగు ప్లాస్టిక్ కప్పు. పాప బొమ్మల సామానులోది. అడుగున ఒక గుక్క నీళ్ళున్నాయి. పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఇదిక్కడెందుకుందండీ?"

"దేనికేమిటి బాబూ, రోజూ ఉండేదే కదా. గొణుగుడు నీళ్ళు తాగటంలేదని పొద్దున బడికెళ్ళే ముందు బతిమాలుతూ కూర్చుంది. రిక్షా ఆయన హారన్ కొడుతుంటే నేనే లాక్కెళ్ళాను."

"బతిమాలుతూ అంటే?"

అత్తగారు చెప్పనక్కర్లేదు. అతనికి తెలుసు. ఆ బతిమాలడం నేర్పింది అతనే.

ఆ ఇంటికి అతను వచ్చిన కొత్తలో పాపకు జ్వరం వచ్చింది. తల్లి ఎంత బుజ్జగించినా మందు మింగలేదు. అతను చెంచాలో పోసి, ముందు తన నాలుక చివర తాకించుకుని, "అబ్బ, బావుంది, చూడు, నేను తాగాను కదా," అన్నాడు. షాపులో మొండి పిల్లలకు అతను వాడే కిటుకు అది. పాప చాలాసేపు అతని ముఖాన్ని పరీక్షగా చూసి, ఇతను చచ్చిపోలేదని రూఢి చేసుకున్నదానిలా నోరు తెరిచింది. ఆ ఇంట్లో అతనికి దొరికిన మొదటి గెలుపు. తర్వాత పాప ఆ కిటుకును కోళ్ళ మీదికి మళ్ళించింది. కప్పులో నీళ్ళు తీసుకుని ముందు తను తాగి, "చూడు గొణుగుడూ, బావుంది," అంటుంది. చూసి అందరూ నవ్వుకునేవాళ్ళు. అతను అందరికంటే ఎక్కువగా.

"పాప బడికి వెళ్ళొస్తాను," అన్నాడు.

అత్తగారు అతని వైపు చూసింది. ఆ చూపును అతను చదవలేకపోయాడు. చదవాలనీ అనిపించలేదు. సీసాను ప్లాస్టిక్ సంచీలో చుట్టుకుని స్కూటరెక్కాడు.

భయం గురించి అతనికి తెలిసిన సంగతి ఒకటుంది. అది ఒక్కటిగా రాదు. ముందు కళ్ళ ముందున్న భయం వస్తుంది, దాని వెనక దాక్కుని ఇంకొకటి వస్తుంది. మొదటిది అతనికి బాగా తెలిసినదే. చదువుకున్నది. ఈ జాతి మందు లోపలికి వెళ్తే కంటిపాప చిన్నదైపోతుంది. నోట్లో నీళ్ళూరతాయి, చెమట పడుతుంది, కండరాలు అదురుతాయి. ఆ తర్వాత ఊపిరి. ఇవన్నీ వరసగా, పుస్తకంలో చదివిన వరసలోనే, కళ్ళ ముందు నడిచాయి. తెలియనివాడు దేవుణ్ణి తలుచుకోవచ్చు. తెలిసినవాడికి ఆ వరస తప్ప ఇంకేమీ తోచదు.

రెండో భయం రైలు గేటు దగ్గర ఆగినప్పుడు బయటపడింది.

పాప అతని కూతురు కాదు. పాప తండ్రి ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అతను ఆ తర్వాత ఎప్పుడో వచ్చాడు. పాపకు ఏదైనా అయితే జనం ఏమంటారో అతనికి తెలుసు. పత్రిక వాక్యంలో ఇంకో మాట చేరుతుంది: సవతి తండ్రి. ఆ మాట చేరగానే మిగతా కథంతా దానంతటదే రాసుకుంటుంది. మందుల షాపులో పనిచేసేవాడికి సీసా తెలియదా అంటారు. అడిగితే తప్పేముంది? తనూ అదే అడుగుతాడు.

అడిగాడు కూడా. ఎందుకు చూడలేదు నువ్వు?

నిన్న రాత్రి అన్నాల దగ్గర పాప అంది: "ఏమండీ, అమ్మ ఊరెళ్ళింది కదా, మీరు కూడా మీ ఇంటికి వెళ్ళిపోతారా?" పాప అతన్ని ఏమండీ అనే పిలుస్తుంది. తల్లి అలా పిలవడం విని, అదే అతని పేరనుకుంది. మొదట్లో వీధిలో అందరూ విరగబడి నవ్వారు. భార్య దిద్దబోతే అతనే వద్దన్నాడు. నిన్న ఆ ప్రశ్నకు కూడా అతను నవ్వాడు. నవ్వి, పళ్ళెం తీసుకెళ్ళి కడుక్కున్నాడు. కానీ ఆ మాట పొద్దున లేచేసరికి ఇంకా అక్కడే ఉంది, పళ్ళ సందులో ఇరుక్కున్న పీచులా. మీ ఇంటికి. షెడ్డులో నిలబడి సీసా మూత తిప్పుతున్నప్పుడు అతను దాన్నే నాలుకతో కెలుకుతున్నాడు. అందుకే చూడలేదు.

అందుకేనా?

రైలు వెళ్తూనే ఉంది. పెట్టె తర్వాత పెట్టె. మనసులో కోపమున్నప్పుడు చెయ్యి గ్లాసును కావాలనే జారవిడుస్తుందని ఎక్కడో చదివాడు. కావాలని అంటే, మనిషికి తెలియకుండా. అప్పుడది ఎంతో తెలివైన మాట అనిపించింది. ఇప్పుడు తన కుడి చేతిని హ్యాండిల్ మీద చూసుకున్నాడు. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. మామూలు చెయ్యి. దాన్ని అడగడానికి దారి లేదు.

బడి గేటు దగ్గర ఆయా అడ్డుపడింది. "ఇప్పుడెవర్నీ లోపలికి పంపరండీ. ఎవరికోసం?"

పాప తరగతి చెప్పాడు.

"మీరేమవుతారు?"

"నేను... వాళ్ళమ్మ భర్తని."

"అదేం చుట్టరికమండీ బాబూ! తండ్రినని చెప్తే సరిపోయేదానికి ఊరంతా తిప్పుతారు," అంటూ ఆమె గేటు తీసింది. తీస్తూ అతని ముఖం చూసి, "నీళ్ళేమన్నా కావాలా?" అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

తరగతి గదిలో పిల్లలు రంగులేస్తున్నారు. పాప రెండో బెంచీ చివర బల్ల మీద తల వాల్చి ఉంది. టీచరు ఏదో అంటోంది, నిద్రొస్తోందని అంటోంది కాబోలు, అతనికి వినబడలేదు. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని పాప గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు. కిటికీ వెలుగు వైపు తిప్పాడు. కంటిపాపలు చిన్నగా ఉన్నాయి. వెలుతురులో ఎవరికైనా చిన్నగానే ఉంటాయి. చేత్తో నీడ పట్టాడు. కళ్ళలో నలుపు పెద్దదయిందో తన చూపే మసకబారిందో తెలియలేదు.

"పొద్దున కోళ్ళ నీళ్ళు తాగావా?"

పాప అతన్ని చూసింది. ప్రశ్నను కాదు, అతని ముఖాన్నే చూసింది. అక్కడ ఏం కనబడిందో, వెంటనే తల అడ్డంగా ఊపింది.

"లేదు."

"నిజం చెప్పు."

"లేదు. తాగలేదు. అమ్మమ్మ తాగొద్దంది."

అబద్ధమో నిజమో అతనికి అర్థం కాలేదు. భయపడ్డ పిల్ల ఎదుటివాడి ముఖానికి సరిపోయే జవాబే ఇస్తుంది. ఎంత గట్టిగా అడిగితే అంత గట్టిగా లేదంటుంది. దీన్ని ఇక్కడితో వదిలేయవచ్చు, అనే ఆలోచన ఒకటి చల్లగా వచ్చి పక్కన నిలబడింది. తాగలేదని పాపే చెప్పింది, టీచరు విన్నది. ఇక ఆస్పత్రి అక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచన ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా ఉందంటే, అతనికి సీసాను చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

గొంతు తగ్గించాడు.

"నువ్వేం తప్పు చేయలేదు. తప్పు నేను చేశాను. ఆ నీళ్ళలో వెయ్యకూడనిది వేశాను. చూసుకోకుండా వేశాను. అందుకని నాకు భయంగా ఉంది. నీ మీద కోపం కాదిది. భయం."

పక్కనున్న పిల్ల రంగు పెన్సిల్ ఆపి వింటోంది.

"మీరు కూడా భయపడతారా ఏమండీ?"

"పడతాను."

"కొంచెం," అంది పాప, బల్ల కేసి చూస్తూ. "నాలిక మీద. చేదుగా ఉంది. ఉమ్మేశాను. గొణుగుడికి చెప్పాను, బాలేదని. అది వినలేదు."

అతను పాపను ఎత్తుకుని పరిగెత్తాడు. ఇంతకు ముందెప్పుడూ ఎత్తుకోలేదు. పాప ఎంత బరువుంటుందో అతనికి తెలియదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వయసులో అతనికంటే చిన్నది. పాప కళ్ళల్లో లైటు వేసి చూసి, నాడి పట్టుకుని, నర్సుకు ఏదో చెప్పి, పాప బట్టలు మార్పించి ఒళ్ళంతా కడిగించింది. సీసా మీది పేరు చదివింది. పైకి చదివింది, అతను షాపులో చదివినట్టే.

"ఎవరు కలిపారు ఇది?"

అతను ఇంటి దగ్గర్నుంచీ ఈ ప్రశ్న కోసమే వస్తున్నాడు. "పడిపోయింది" అనవచ్చు. "కలిసిపోయింది" అనవచ్చు. చేసినవాడు కనబడకుండా చెప్పడానికి భాషలో ఎన్నో దారులున్నాయి.

"నేను కలిపాను. కోళ్ళ మందనుకుని. రెండు మూతలు, తొట్టి నిండా నీళ్ళలో. పాప నాలుక మీద వేసుకుని ఉమ్మేశానంటోంది. మింగిందేమో తెలియదు."

"మీరేం చేస్తుంటారు?"

"మందుల షాపులో పని."

డాక్టరమ్మ తలెత్తింది. మళ్ళీ తల దించుకుని రాసుకుంది. ఆ తలెత్తడం అతనికి సరిపోయింది.

"ఇప్పటికైతే ఏ లక్షణమూ లేదు," అంది చివరికి. "ఉమ్మేయడం మంచిదైంది. అయినా సాయంత్రం దాకా చూడాలి. కొన్నిసార్లు ఆలస్యంగా మొదలవుతుంది. కళ్ళూ ఊపిరీ గమనిస్తూ ఉంటాం."

వరండాలో నిలబడి భార్యకు ఫోన్ చేశాడు. సంగతి మొదట్నుంచి కాకుండా చివర్నుంచి చెప్పాడు: పాప బాగుంది, ఆస్పత్రిలో ఉన్నాం. తర్వాత మిగతాది.

"మీరా?" అంది ఆమె. "మీరు కలిపారా?"

"నేనే."

"పేరు చదవకుండా చెంచాడు నీళ్ళు కూడా ఇవ్వరు కదండీ మీరు."

ఆ మాటలో నింద లేదు, ఆశ్చర్యమే. అతనికి మాత్రం అది నింద కంటే బరువుగా తగిలింది. "బయల్దేరుతున్నాను," అని ఆమె పెట్టేసింది.

ఎండ వాలుతుండగా అత్తగారు వచ్చింది. పాపకు గౌను, దువ్వెన, తినడానికి రొట్టె తెచ్చింది. లోపలికెళ్ళి నిద్రపోతున్న పాపను చూసి, నుదురు తాకి, బయటికొచ్చి బెంచీ మీద అతనికి కాస్త ఎడంగా కూర్చుంది. ఇద్దరూ ఎదుటి గోడ మీది పిల్లల టీకాల బొమ్మను చూస్తూ ఉండిపోయారు.

"గొణుగుడు పోయింది బాబూ," అంది. "పోలీసు తేరుకుని తిరుగుతోంది. మిగతావి నా క్యాబేజీ సగం ఊడ్చేశాయి. పోనీ, దాని మీద ఇంకా మందు కొట్టలేదు కాబట్టి బతికిపోయాయి."

అతను తల ఊపాడు.

ఆమె గొంతు బాగా తగ్గించింది. "ఒక మాటడుగుతాను. తప్పుగా అనుకోరు కదా?"

"అడగండి."

"పొరపాటేనా?"

అతను మధ్యాహ్నం నుంచి పారిపోతున్నది ఈ ప్రశ్న నుంచే. దగ్గరికొచ్చాక అది అనుకున్నంత పెద్దగా లేదు. ముసలి గొంతులో, బెంచీ మీద, దువ్వెన పక్కన కూర్చుని ఉంది.

"పొరపాటే అత్తయ్యా," అన్నాడు. "కానీ నేను కూడా మధ్యాహ్నం నుంచి నన్ను అదే అడుగుతున్నాను. నిన్న పాప మీద కోపం వచ్చింది నాకు. మీ ఇంటికి వెళ్ళిపోతారా అనడిగింది. వంటింట్లోంచి మీరు వినే ఉంటారు."

"విన్నాను." ఆమె నిట్టూర్చింది. "దానికే అంత కష్టపెట్టుకున్నారా! నన్ను వారానికోసారి అడుగుతుంది. అమ్మమ్మా, నువ్వెప్పుడు వెళ్ళిపోతావు అని. ఆ రిక్షా ఆయన్నీ అడిగింది, రేపు కూడా వస్తావా అని. వాళ్ళ నాన్న పెట్టె సర్దుతున్నప్పుడు పక్కన కూర్చుని బట్టలందించింది బాబూ, షికారుకెళ్తున్నాడనుకుని. అప్పట్నుంచి అందర్నీ ముందే అడిగేసి ఉంచుకుంటుంది."

తన గాయమనుకుని రాత్రంతా నాకినది ఒక చిన్నపిల్ల వణుకు. దాన్ని అతను వెళ్ళిపొమ్మనడంగా విన్నాడు. ఒకే మాటను రెండు రకాలుగా వినడం ఈ ఇంట్లో సీసాలకే పరిమితం కాదు.

"మీరలా అడగడం తప్పు కాదు," అన్నాడు. "అడగాల్సిందే."

"అడగడమొక్కటే కాదు," అంది ఆమె. "ఫోన్ పెట్టేశాక నేనేం చేశానో తెలుసా? పాప బడికెళ్ళిందని తెలిసి కూడా గదిలో మంచం మీద చూసొచ్చాను. మీ గురించి ఏమనుకుంటున్నానో నాకే తెలియకుండా కాళ్ళు వెళ్ళిపోయాయి. మీరంటే భయం కాదు బాబూ. నేనలా అనుకోగలిగానే అని భయమేసింది." దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకను తీసి వేలికి చుట్టుకుంది. "ఆ సీసాను బురదలో వదిలేసింది కూడా నేనే. ఇంటికొచ్చాక అమ్మాయి అదే అడుగుతుంది. నా కూతురు నాకు తెలుసు. మీకంటే ముందు నన్ను ఉతుకుతుంది."

ఆ మాటకు అతనికి నవ్వు రాబోయి, మధ్యలో ఎక్కడో తెగిపోయింది.

నర్సు వచ్చింది. "లోపల ఒక్కరే ఉండాలండీ. పాప లేచింది. ఎవరుంటారు?"

నేనుంటానని ఆమె అంటుందని అతను ఎదురుచూశాడు. అనాలనే కోరుకున్నాడు. అత్తగారు లేచి, రొట్టె సంచీ అతని ఒళ్ళో పెట్టింది. "మీరే ఉండండి. చీకటి పడకముందే నేను వెళ్ళి ఆ వల కట్టుకోవాలి. పిల్లి తిరుగుతోంది." చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా వరండా చివరిదాకా నడిచి వెళ్ళింది. ఆ వెనక్కి చూడకపోవడం ఎంత కష్టపడి చేస్తోందో ఆమె భుజాల బిగువులో తెలుస్తూనే ఉంది.

గదిలో పాప దిండుకు ఆనుకుని కూర్చుంది. ఆస్పత్రి చొక్కా మెడ దగ్గర వదులుగా జారుతోంది. కంటిపాపలు నల్లగా, మామూలుగా ఉన్నాయి. అతను లోపలికొచ్చి మళ్ళీ చూశాడు, కుర్చీలో కూర్చున్నాక ఇంకోసారి చూశాడు. ఊపిరి ఎన్నిసార్లు పైకి లేస్తోందో చూడబోయి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"గొణుగుడు?" అంది పాప.

నిద్రపోతోందని చెప్పవచ్చు. పెద్దవాళ్ళు అలాగే చెప్తారు.

"చచ్చిపోయింది."

"మీ మందుకా?"

"నా మందుకే."

పాప ఏడవలేదు. గోడవైపు తిరిగింది. గోడకు పెయింటు పొక్కులు లేచి ఉన్నాయి. వేలితో ఒక పొక్కును నొక్కి పగలగొట్టింది, తర్వాత దాని పక్కదాన్ని. క్షమించమని అడిగితే ఆ పిల్ల దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. అంత బరువు ఆ చేతులకు ఇవ్వకూడదనుకున్నాడు.

నర్సు గ్లాసుతో వచ్చి అతనికి అందించింది. "నీళ్ళు బాగా పట్టాలండీ పాపకి. తాగించండి."

గ్లాసు చేతిలోకి వచ్చింది. అతను దాన్ని వెలుగుకెత్తి చూశాడు. తేటగా ఉంది.

"ఇవి..."

"మంచినీళ్ళేనండీ," అంది నర్సు, అతన్ని వింతగా చూసి వెళ్ళిపోయింది.

మంచినీళ్ళే. తెలుసు. అయినా చెయ్యి ముందుకు కదలలేదు. నీళ్ళ అంచు గ్లాసులో సన్నగా అదురుతోంది. పాప ఈ వైపు తిరిగి ఆ అదురును చూస్తోంది. తర్వాత అతని ముఖాన్ని చూసింది. తర్వాత మళ్ళీ నీళ్ళను. పొద్దున ఇదే చూపుతో ఒక కోడి ఆమె కప్పును చూసి ఉంటుంది. అతనికి ఈ క్షణం నుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. షాపుకు కాదు, పెళ్ళికి ముందున్న పాత గదికి కాదు, ఎవరి నోటికీ తను ఏదీ అందించనవసరం లేని చోటు ఎక్కడైనా ఉంటే అక్కడికి.

"అక్కడ పెట్టండి ఏమండీ," అంది పాప మంచం పక్కనున్న బల్లను చూపిస్తూ. "నేనే తాగుతాను."

పెట్టాడు. ఆమె చేతికి అందేలా కాస్త జరిపాడు. ఆమె తాగుతున్నంతసేపూ తను చూస్తూ ఉండకూడదని అతనికి అర్థమైంది. కుర్చీని కిటికీవైపు తిప్పుకున్నాడు. బయట ఎవరో సైకిలు స్టాండు తీస్తున్నారు. ఒక ఆడమనిషి ఫోనులో ఎవరితోనో అన్నం గురించి పోట్లాడుతోంది. వెనక ఏ చప్పుడూ లేదు. దుప్పటి కదలిక కూడా లేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. వెనక్కి తిరగకుండా ఉండటం తప్ప అతను చేయగలిగింది ఏమీ లేదు. దానికే అతని బలమంతా సరిపోతోంది.

చాలాసేపటికి గ్లాసు బల్ల మీంచి లేచిన చిన్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. వాసన చూస్తోంది కాబోలు.

గుటక వినబడింది. ఆగింది. ఇంకో గుటక.

తిరిగితే ఆగిపోతుందేమోనని అతను తిరగలేదు.